బామ్మబుగ్గ ఎందుకు మొలవలేదు

డాబా మీద, ఎండ ఇంకా పిట్టగోడ దిగని పొద్దున. భర్త బోర్డులు రాసే పెయింటరు, భార్య ఇంట్లోనే మిషను పెట్టుకున్న దర్జీ. ఇద్దరి మధ్యా టమాట విత్తనాలకి నాలుగు ట్రేలు.

"...అయితే గోలీ రకం రెండు వరసలు, కోలకాయ రెండు వరసలు. సరేనా?"

"గోలీ ఒక్క వరస చాలు. పోయినేడు ఆ గోలీకాయలు కోసీ కోసీ నా వేళ్ళు పడిపోయాయి."

"గోలీలాడే వయసు దాటిపోయిందంటావు."

"నాకు దాటింది. మీకింకా రాలేదు. పసుపు రకం సంగతేంటి?"

"వద్దు. అది పండిందో లేదో దానికే తెలీదు. అసలు పసుపుతో నేను జన్మంతా వేగాను. ఏ బోర్డు మీద వేసినా రెండు పూతలు అడుగుతుంది."

"టమాటకి ఒక్క పూత చాలు. అది నిలిస్తే కాతే."

"ఆహా. పూత నా వృత్తి, కాత నీ ఆశ. ఇది ఎక్కడైనా రాసుకోవాలి."

"తర్వాత రాసుకోండి. ముందు మట్టి కలపండి. కొబ్బరిపొట్టు రెండు పాళ్ళు, వానపాముల ఎరువు ఒక పాలు. ఎరువు చాలేట్టు లేదు."

"పక్క డాబా నర్సుగారిని అడిగి ఓ బుట్టెడు తెస్తా. ఎరువుకి తెచ్చిన ఎరువు."

"మళ్ళీ తిరిగివ్వాలి. పోయినేడు తెచ్చిన బుట్టే ఇంకా ఇవ్వలేదు."

"బుట్ట ఇవ్వలేదు గానీ, ఆవిడ క్లినిక్ బోర్డు మీద చెరిగిన అక్షరం దిద్దిచ్చాను. గింజ ఎంత లోతు అన్నావు?"

"గోటిలో సగం. ప్రతి ఏడూ అడుగుతారు."

"ప్రతి ఏడూ వేసేది నేనేగా. సరిచూసుకుంటే తప్పేంటి?"

"అవును. ప్రతి ఏడూ వేసేది మీరే."

"ఏంటా సాగతీత?"

"ఏం లేదు. బళ్ళు తెరిచే ముందు యూనిఫాంల పని నన్ను ఊపిరి పీల్చుకోనివ్వదు. అందుకని గింజలు మీరు వేస్తారు, నీళ్ళు నేను పోస్తాను. పధ్నాలుగేళ్ళ నుంచీ మన ఒప్పందం అదేగా."

"అదే. టీ చల్లారిపోతోంది. మూడు కప్పులు తెచ్చావేంటి?"

"ఒకళ్ళు రావాలి."

"ఎవరు?"

"వస్తే చూస్తారుగా. ఈ నాలుగో ట్రేలో ఏం వేద్దాం?"

"హైబ్రిడ్డు. ప్యాకెట్టు మీద బొమ్మ భలేగా ఉంది."

"బొమ్మ చూసి కొంటారా ఎవరైనా?"

"నేను బతుకుతోందే బొమ్మ చూసి కొనేవాళ్ళ మీద."

"హైబ్రిడ్డు వద్దు. దాని గింజ దాచుకుని వేస్తే మరుసటేడు తల్లి పోలిక రాదు. నాకు ఏటేటా దాచుకునేది కావాలి. నాటు రకం."

"నాటు రకమంటే నేనున్నానుగా. ఎక్కడ నాటితే అక్కడే ఉంటాను. పాతికేళ్ళుగా కదిల్చావా?"

"బామ్మబుగ్గ వేద్దాం."

"ఏంటి?"

"బామ్మబుగ్గ. అరచేతిలో పట్టనంత కాయ, చుట్టూ ముడతలు ముడతలుగా. మా అక్క వాళ్ళ పెరట్లో కాసేది. మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. ఆ పేరు ఈ డాబా మీద ఎత్తొద్దన్నది నువ్వు. ఆరేళ్ళయింది."

"ఇవాళ ఎత్తుతున్నాను."

"అది మన దగ్గర రాదు. మూడేళ్ళు వేశాం. మూడేళ్ళలో ఒక్క గింజ తలెత్తిందా? మీ అక్క..."

"ఊఁ. మా అక్క?"

"మీ అక్క వేయించి ఇచ్చింది, నువ్వు నా చేత వేయించావు. అయిపోయిన కథ."

"ఆ మాట మొదట అన్నదెవరు?"

"ఏ మాట?"

"వేయించిన గింజలని."

"సరదాకన్నాను. మాట బాగా పడిందని."

"బాగానే పడింది. నా మనసులో నాటుకుపోయింది. అది పట్టుకునే నేను ఫోనెత్తి అడిగాను. ఏటేటా నీ ఇంటికొచ్చి గింజలడిగితే, చచ్చినవి ఇచ్చి నవ్వుకున్నావా అక్కా అని. 'ఈసారి మంచివే ఇచ్చానే, ఒట్టు' అని ఏడ్చింది. ఆ ఏడుపు నటనన్నాను. మా ఇద్దరికీ అదే ఆఖరి మాట."

"తెలుసు. ఇప్పుడెందుకివన్నీ..."

"ఆ తర్వాత అక్కకి మోకాలు ఆపరేషనయింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. పక్క మంచం ఆవిడెవరో జడ వేసిందట. నేనిక్కడ ముక్కూ మొహం తెలీని పిల్లలకి లాగులు కుడుతూ కూర్చున్నాను."

"పాతవన్నీ తవ్వడం ఎందుకని."

"మట్టిపనిలో ఉన్నాంగా. తవ్వాలి."

"అదిగో. నువ్వూ మొదలెట్టావు."

"ఆ చేతులు తుడుచుకుని ఇటు చూడండి. ఈ తడిగుడ్డ."

"ఏముంది అందులో?"

"ఆగండి, నేను విప్పుతాను. లైనింగు గుడ్డ, మూడు మడతలు. మడతకి పది గింజలు. తడిపి, డబ్బాలో పెట్టి మూతేసి, ఎనిమిది రోజులు మిషను పక్కన వెచ్చగా ఉంచాను. మట్టిలో వేసేముందు గింజకి ప్రాణముందో లేదో ఇలా చూసుకోమని విత్తనాల కొట్టాయన చెప్పాడు."

"ఏ గింజలు?"

"మొదటి మడత చూడండి. ఎన్ని మొలిచాయి?"

"ఏం లేవు."

"సున్న. రెండో మడత."

"ఇక్కడా ఏం లేవు. ఏ గింజలే ఇవి?"

"మూడో మడత."

"ఏవో తెల్లగా తోకలు."

"లెక్కపెట్టండి."

"...అయిదు, ఆరు. ఏడు."

"పదికి ఏడు. బామ్మబుగ్గలు."

"నీకెక్కడివి?"

"మీ రంగుల బీరువాలోవి. పై అరలో, వార్నిషు డబ్బాలోవి. మిషనుకి నూనె అయిపోయింది, మీ దగ్గరేమైనా ఉందేమోనని తెరిచాను."

"ఆ డబ్బా మూత ఊడదే."

"స్క్రూడ్రైవరు పెట్టి తీశాను. మూడు కవర్లు. మూడింటి మీదా మా అక్క రాత. ఒక్కదానికి కూడా అంచు చిరగలేదు. అక్క రాత కింద మీరు మళ్ళీ బ్రష్షుతో రాశారు. మొదటి ఏడు, రెండో ఏడు, మూడో ఏడు. అక్షరాలకి నీడ గీతలతో సహా."

"అలవాటు. చెయ్యి ఊరుకోదు."

"చేసిన దొంగతనానికి బోర్డు రాసుకున్న మనిషిని మిమ్మల్నే చూశాను."

"విను, అది..."

"వెయ్యలేదు మీరు. మూడేళ్ళలో ఒక్క గింజ కూడా వెయ్యలేదు. ట్రేలో ఉత్త మట్టి నింపారు. దాని మీద 'బామ్మబుగ్గ' అని పూల అక్షరాల చీటీ గుచ్చారు. నేను ఆ ఉత్త మట్టికి నీళ్ళు పోశాను."

"రోజూ ఏం కాదు."

"రోజూ. మిషను మీద కూర్చునే ముందు, చెంబుతో కాకుండా వేళ్ళతో చిలకరించాను, గింజ చెదురుతుందని. లేవవే తల్లీ, లేవవే అని బతిమాలాను. మీరు ఆ మెట్ల మీద కూర్చుని వినేవాళ్ళు."

"వినేవాణ్ణి కాదు. రేడియో పెట్టుకునేవాణ్ణి."

"పెద్దగా పెట్టేవాళ్ళు."

"ఆఁ. పెద్దగానే."

"నా గొంతు వినపడకుండా."

"...ఆఁ."

"రెండో ఏడు ఒక మొలక వచ్చింది. గుర్తుందా?"

"అది వదిలెయ్యి."

"పిచ్చిమొక్క. నేను బామ్మబుగ్గ అనుకున్నాను. కుండీలోకి మార్చాను, కర్ర కట్టాను, నా టేపు పెట్టి రోజూ కొలిచాను. ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ పైకి తీసుకొచ్చి చూపించాను. మీరు దానికి ఎండ తగలకుండా గోనెపట్టా కట్టిపెట్టారు."

"నీ సంతోషం చూసి కట్టాను."

"ముళ్ళొచ్చేదాకా చెప్పలేదు."

"చెబుదామనే అనుకున్నాను. రోజుకో అంగుళం పెరిగిపోయేది."

"మొక్కా?"

"అబద్ధం."

"ఎందుకు చేశారు?"

"డాబా మీద చోటు..."

"ఏవండీ."

"అంత పెద్ద కాయంటే కుండీ కూడా అంత..."

"ఏవండీ. మీ ముందు కూర్చున్నది నేను. బోర్డు రాయించుకోవడానికొచ్చిన మనిషిని కాదు."

"మీ బావ."

"బావగారేం చేశారు?"

"గేటుకి పేరు రాసిమ్మంటే రాసిచ్చాను, గుర్తుందా? టేకు చెక్క మీద, తొమ్మిది రోజులు కూర్చుని. భూములు కొలిచే మనిషి కదాని అక్షరాల చుట్టూ కొలతగొలుసు వేశాను. గొలుసులో ఒక్కో లంకెకీ మెరుపు గీత పెట్టాను."

"బాగుండేది ఆ బోర్డు. నేనే మెత్తటి గుడ్డతో తుడిచి ఇచ్చాను."

"మరుసటేడు వెళ్తే గేటుకి ఫ్లెక్సీ ఉంది. ప్లాస్టిక్కు గుడ్డ, పైన ఆయన ఫొటో. నా బోర్డు ఏదని నేనడగలేదు. అడగకుండానే కనపడింది. పెరట్లో బామ్మబుగ్గ తొట్టి ఒరిగిపోతోందని దాని కింద నా బోర్డు ఎత్తుగా పెట్టారు. నీళ్ళు కారి అక్షరాలు పొట్టు రాలుతున్నాయి. మీ బావ కాయ కోసి నా చేతిలో పెట్టాడు. 'తూకం చూడు తమ్ముడూ, నీ బోర్డు మాకు భలే ఆసరా అయింది' అన్నాడు. మీరందరూ నవ్వారు."

"నేనూ నవ్వానా?"

"అందరికన్నా నువ్వే ముందు. అది కూడా మా హాస్యాల్లో ఒకటనుకున్నావు. నువ్వు మీ అక్కని గింజలడిగింది కూడా ఆ రోజే."

"నాకు ఒక్క ముక్క చెప్పొచ్చుగా."

"రోజుకి నలభై హాస్యాలాడే మనిషిని నేను. నాకు నొప్పి పుట్టిందంటే అది నలభై ఒకటోది అనుకుంటారు. ఆ కాయ ఈ డాబా మీద కాస్తే రోజూ దాని మొహం చూడాలి. మొదటేడు ఒక్కసారికే అనుకున్నాను. నువ్వు మళ్ళీ వెళ్ళి తెచ్చావు. మళ్ళీ తెచ్చావు."

"మిమ్మల్ని నొప్పించింది బావగారు. మీరు తెంపింది నన్నూ మా అక్కనీ."

"అంతదాకా పోతుందనుకోలేదు."

"ఫోన్లో దాన్ని నేను తిడుతున్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు. కుంచె కడుక్కుంటున్నారు."

"ఉన్నాను."

"అప్పుడైనా ఒక్క మాట."

"కుంచె... ఎండిపోతే పాడైపోతుంది."

"అవును. అక్కాచెల్లెళ్ళు ఎండిపోయినా ఫరవాలేదు."

"అలా కాదు నేనన్నది."

"కుట్టు నాది, కుట్ర మీది. బోర్డులు రాసే మనిషితో కాపరం చేస్తున్నాననుకున్నాను. బోర్డు తిప్పేసే మనిషని పాతికేళ్ళకి తెలిసింది."

"ఆ రెండూ చాలా బా..."

"బాగున్నాయనకండి."

"అనను."

"కింద బండి ఆగింది."

"ఆ మూడో కప్పు."

"అక్కకి. నిన్న ఫోన్ చేశాను. రమ్మన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. మీరు చెప్పాలి."

"నేనా?"

"మీరే. నీడ గీతలు పెట్టకుండా, మామూలు అక్షరాల్లో."

"మోకాలితో ఇన్ని మెట్లు ఎలా ఎక్కుతారావిడ? నేను దిగి..."

"మీరు దిగిపోవద్దు. అక్కా, గోడ పట్టుకుని రా. ఆ మెట్టు కాస్త ఎత్తు, చూసుకో."

"పట్టుకున్నానే. ఆరేళ్ళకి పిలిచి డాబా ఎక్కిస్తావా. ఇదేంటే, నీ జుట్టంతా నెరిసిపోయింది?"

"నీది నల్లబడిందేంటి అక్కా?"

"రంగు."

"ఎన్ని పూతలు?"

"పోవే. బాగున్నారా మరిదిగారూ?"

"బాగున్నాను వదినగారూ. ఈ స్టూలు మీద కూర్చోండి. కాలు చాపుకోండి. టీ తీసుకోండి."

"చెప్పండి."

"ఆవిణ్ణి కాస్త ఊపిరి పీల్చుకోనీ."

"చెప్పండి."

"ఏంటే, మొగుణ్ణి బళ్ళో పిల్లాడిలా నిలబెట్టావు?"

"వదినగారూ, మీరిచ్చిన బామ్మబుగ్గ గింజలు నేను వెయ్యలేదు. కవర్లు దాచేసి ఉత్త మట్టి చూపించాను. మీరు వేయించి ఇచ్చారన్న మాట మొదట పుట్టింది నా నోట్లోనే. కోపం అన్నయ్యగారి మీద, నా బోర్డు గురించి. మీ తప్పేం లేదు."

"ఏంటి?"

"మీ తప్పేం లేదు వదినగారూ. అంతా నాదే."

"అది కాదు. వెయ్యలేదా?"

"ఒక్క గింజ కూడా."

"మొదటేడు ఇచ్చినవి?"

"వెయ్యలేదు."

"రెండో ఏడువి?"

"అవీ అంతే. ముట్టుకోలేదు."

"ముట్టుకోనే లేదా. అయ్యో. ఎవరూ ముట్టుకోనే లేదా."

"అక్కా, ఏడవకు."

"ఏడవడం లేదు. నవ్వొస్తోంది. నవ్వు కూడా కాదేమోలే. ఆ టీ ఇలా ఇవ్వు."

"నన్ను తిట్టక్కా. ఆరేళ్ళవీ కలిపి తిట్టు. నీ మోకాలికి నేను రాలేదు. నీ జడ ఎవరో వేశారు. నీ ఒట్టుని నటనన్నాను. నువ్వు మంచి గింజలే ఇచ్చావు. సాక్ష్యం కావాలంటే ఇదిగో, తడిగుడ్డలో పెట్టి చూశాను."

"ఏవి పెట్టావు?"

"మూడు కవర్లలోంచీ తలా పది. మొదటి రెండింట్లో ఒక్కటీ లేవలేదు. ఎనిమిదేళ్ళదొకటి, ఏడేళ్ళదొకటి, పాతబడి చచ్చిపోయాయి పాపం. మూడో కవరుది చూడు. పదికి ఏడు."

"ఒక్క ఏడు తేడాకి ఏడు మొలకలు తేడానా?"

"మీరు లెక్కలు చెప్పకండి. ఇంకో మాట మాట్లాడితే ఈ మట్టి మీ నెత్తిన పోస్తాను."

"మాట్లాడను."

"అక్కా, ఈ ఏడు మొలకలూ ఇవాళ నువ్వూ నేనూ ట్రేలో పెడదాం. ఆయన్ని ముట్టుకోనివ్వను. మూడు నాకు, నాలుగు నీకు."

"నాకొద్దే."

"నీ పెరట్లో ఉన్నాయనా?"

"లేవు. రెండేళ్ళ కిందట తెగులొచ్చి తుడిచిపెట్టుకుపోయాయి. గింజ దాచుకోలేదు."

"ఒక్కటి కూడా లేదా? అయితే ఏడూ నీకే. నీ రకం నీకు తిరిగిస్తాను. కాస్తే నాకు మళ్ళీ ఓ కవరు ఇద్దువు గాని."

"ఇలా ఉండకే."

"ఎలా?"

"ఇంత మంచిగా. ఫోన్లో తిట్టినట్టు తిట్టు. అది మోయగలిగాను."

"నిన్నెందుకు తిడతాను? పాతికేళ్ళు పక్కన పడుకున్న మనిషి నన్ను మట్టి కరిపించాడు. నాకు అబద్ధం చెప్పనిది ఈ లోకంలో నువ్వొక్కదానివే అక్కా. అది తెలిసే నిన్న ఫోన్ చేశాను."

"ఆ రోజు నేను ఏమని ఒట్టు పెట్టానో గుర్తుందా?"

"మర్చిపోతానా? ఈసారి మంచివే ఇచ్చానే అన్నావు."

"ఏమన్నాను?"

"ఈసారి మంచివే... ఈసారి. ఈసారి అంటే ఏంటక్కా?"

"చిన్నప్పుడు విరిగి పడ్డ కొమ్మ తెచ్చి గుచ్చినా నీ చేతికి చిగురేసేది. నేను తెచ్చి గుచ్చితే కుళ్ళేది. కుట్టు నీకే వచ్చింది, చక్కటి నవ్వు నీకే వచ్చింది, అమ్మ ఎవరొచ్చినా నిన్నే పిలిచి చూపించేది. ఇన్నేళ్ళకి నా చేతిలో పండింది ఆ బామ్మబుగ్గ ఒక్కటే. నీకిస్తే నీ డాబా మీద నా వాటికన్నా పెద్దవి కాస్తాయి. అది నాకు తెలుసు."

"ఏం చేశావక్కా?"

"ఆ మొదటి రెండు కవర్లూ పాతబడి చావలేదే. నేనే మరిగే నీళ్ళలో ముంచి, ఎండబెట్టి, అంచు అంటించి, నవ్వుతూ నీ చేతిలో పెట్టాను. మూడో ఏడు నువ్వు 'నా చేతికేమైందో అక్కా, ఏం వేసినా లేవట్లేదు' అని వచ్చి అడిగితే మనసొప్పలేదు. ఆ ఒక్క ఏడే మంచివి ఇచ్చాను. నువ్వు ఫోన్ చేసి తిట్టింది ఆ ఏడే."